వల మీద ఒట్టు

సుబేదారి,
హనుమకొండ.

తమ్ముడు జోయెల్‌కు,

డాల్ఫిన్ల రక్షిత ప్రాంతానికి ఇరవై ఏళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసిమ్మని అడిగావు. అక్కడ మొదటి అధికారిని నేనే, ఇప్పటి అధికారివి నువ్వు కాబట్టి రాయడానికి కూర్చున్నాను. అంతలో ఆ తీరంలో జాలరుల పెద్ద నూకాలమ్మ ఫోన్ చేసింది. "డాల్ఫిన్లు పిల్లల్ని పెట్టే చోట షికారు లాంచీలు తిప్పుతున్నారండీ, పాటలు పెట్టి మరీ," అంది. నువ్వే దగ్గరుండి ప్రారంభించావట.

ఇరవై ఏళ్ల కిందట, నువ్వు నా దగ్గర కొత్తగా చేరినప్పుడు, ఆ జాలరులు మన కాగితాలను నమ్మలేదు, గుర్తుందా? ఆరబెట్టిన వల మీద చెయ్యి వేయమన్నారు. ఆ నీళ్లలో వాళ్లు వల వేయరు, మనం ఏ పడవనూ రానివ్వం. అదీ ఒట్టు. నా చెయ్యి పక్కనే నీ చెయ్యి ఉంది.

మీ వదిన పద్మలత నమ్మలేదు. "గా పిలగాడు గట్ల చేసెటోడు కాదు, జర మంచిగ కనుక్కో," అంది. నూకాలమ్మ పంపిన ఫోటో చూపించాను. పచ్చజెండా ఊపుతూ నవ్వుతున్నావు. అదే చెయ్యి.

మరి మీరూ వలలు వేస్తున్నారా అని నూకాలమ్మను అడిగాను. "ఎలా వేస్తామండీ, ఒట్టేశాం కదా," అంది.

నువ్వడిగిన చరిత్ర ఇంతే. అచ్చు వేయించుకో.

నిన్ను తమ్ముడనుకున్న
అన్న