ఏసీ బాగైంది, నమ్మేటోళ్లే లేరు

సూర్యాపేట, మే నెల, మంగళవారం రాత్రి

పాత కారు ఏసీ నేనే బాగుచేసిన. కారు ముందటి జాలీ నిండా మిర్యాలగూడ బియ్యం మిల్లుల కాడ పట్టిన ఊకే. బ్రష్షుతో దులిపి, నీళ్లు కొట్టి, ఫ్యూజు మార్చిన. సల్లటి గాలొచ్చింది! తన చాయల నేను ఉప్పేసి నవ్విన్నని అలిగి, కోదాడల వాళ్లక్క ఇంట్ల కూసున్న నా పెండ్లాం యాదమ్మకు ఫోన్ కొట్టిన.

"ఏసీ నడుస్తుందే. రేపొచ్చి తీస్కపోత."

"పోయినేడు ఊరోళ్లు ఏసీ కారనుకోవాలని అద్దాలెక్కించి నన్ను ఉడకబెట్టినవ్. మల్లా నమ్మాల్నా?"

"గిది నిజం, ఇను" అని ఫోను గాలి కాడ పెట్టిన.

"ఇంట్ల ఫ్యాను కింద కూసొని నాటకాలా? జర బుద్ధొచ్చినంక చెయ్యి" అని పెట్టేసింది.

మొదలు నవ్వొచ్చింది. ఎవరితోని నవ్వాలె?

కార్లనే చానాసేపు కూసున్న. పక్క సీటు దిక్కు గాలి మూసేస్తే నాకింకా సల్లగొస్తది. మూయబుద్ధి కాలే.