అట్ట తాళంచెవి

నా మనవరాలికి, అమ్మమ్మ దీవెనలు.

ముందు నీ తప్పొకటి దిద్దాలి. జీవితమంతా పంతులమ్మగా బతికినదాన్ని, తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. "మా అమ్మమ్మ ఊళ్ళో ఆడవాళ్ళకి ఇప్పుడు నోరొచ్చింది" అని పెద్ద సభలో చెప్పాననీ, అందరూ చప్పట్లు కొట్టారనీ రాశావు. తల్లీ, ఈ ఊరి ఆడవాళ్ళకి నోరు పుట్టుకతోనే ఉంది. కొత్తగా వచ్చినవి మీ ఆఫీసుకి చెవులు. అవి కూడా సభ ఉన్న రోజునే పనిచేస్తున్నట్టున్నాయి.

నా పక్కింటి లౌడ్‌స్పీకరునే తీసుకో. ఆవిడకి ఆ పేరు ఊరికే పెట్టలేదని నీకూ తెలుసు. ఈ కొసన ఆవిడ మొగుణ్ణి పిలిస్తే ఆ కొసన ఇంకొకరి మొగుడు పలుకుతాడు. అలాంటి మనిషి చేత, సందర్శకులు వచ్చినప్పుడల్లా, "ఒకప్పుడు నాకు నలుగురిలో మాట్లాడాలంటే భయం" అనిపిస్తున్నారు మీవాళ్ళు. ఆ మాట రాగానే వెనక నిలబడ్డ వాళ్ళాయన దగ్గుతాడు. పాపం, అంతకన్నా ఏం చెయ్యగలడు? ఆయనకి ఇంకా నోరు రాలేదు.

ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం పద్ధతి కనుక రాశాను. ఎంత క్షేమమో ఉత్తరం అయ్యేసరికి నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, మీ ఆయనా, పళ్ళొస్తున్న నా మునిమనవడూ కులాసా అని తలుస్తాను. మీ ఆయనకి ఇంకా పని దొరకలేదని రాశావు. అతన్ని దెప్పకు. పని లేని మగవాడు ఇంట్లో ఉంటే గోడలే దెప్పుతాయి, నువ్వు ప్రత్యేకంగా శ్రమపడక్కర్లేదు.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి నాకన్నా ముందే రిటైరయ్యాయి. కొత్త కళ్ళజోడు బాగానే ఉంది, ఎటొచ్చీ ఇప్పుడు ఇంట్లో దుమ్ము కూడా కనిపిస్తోంది. మా నీళ్ళ కమిటీ సమావేశాలు క్రమంగా జరుగుతున్నాయి. "నువ్వు ఊరిని ఏలుతున్నావు అమ్మమ్మా" అన్నావు చూడు, అది ఇంకో తప్పు. అధ్యక్షురాలంటే అందరూ నిర్ణయించాక లేచి ఆ నిర్ణయం చదివే మనిషి. నన్నే ఊరు ఏలుతోంది.

కుళాయి బాగా వస్తోందా అని అడిగావు. ఆ ప్రశ్న దగ్గర కాస్త ఆగు.

ఈ మధ్య జరిగిన విశేషం ఒకటుంది. దర్జీ కోడలు ట్యాంకు నిచ్చెన మీదనుంచి జారి పడింది. ఒట్టి మనిషి కాదు, ఆరో నెల. నర్సు వచ్చి చూసింది. కడుపులో బిడ్డకి ఏమీ కాలేదు, అదృష్టం. చీలమండ వాచింది, నడుం పట్టేసింది, పురుడయ్యేదాకా బరువెత్తొద్దని గట్టిగా చెప్పి వెళ్ళింది. ఇంట్లో కుళాయి నీళ్ళొచ్చే ఊళ్ళో, గర్భిణీ మనిషికి కొండమీది ట్యాంకు నిచ్చెన ఎక్కాల్సిన పనేమిటి అని నువ్వు అడుగుతావు. అడుగు. అక్కడికే వస్తున్నా.

కానీ దానికి ముందు, నిజమైనదాన్ని నిజమని చెప్పాలి. నువ్వు ఆఫీసు పనిమీద మొదటిసారి వచ్చినప్పుడు నేలమీద సున్నప్పొడితో ఊరి బొమ్మ గీయించావు. వాగెక్కడ, దారెక్కడ, ఎవరింట పూట గడవదు, అన్నీ మా చేతే చెప్పించావు. దర్జీ ఇంటి మీద గులకరాయి పెట్టి "ముందు వీళ్ళకి" అన్నది లౌడ్‌స్పీకరే. ఇంటికొక మనిషి చొప్పున గొట్టం కోసం కాలువ తవ్వాం. నేను పార పట్టలేక, పట్టినవాళ్ళని తిట్టాను. అదీ పనే. నీళ్ళొచ్చిన మొదటి రోజు కుళాయి కట్టెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. వాగు చుట్టూ తిరిగే పొద్దంతా దర్జీ కోడలు కుట్టుమిషను ముందు కూర్చోగలిగింది. ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. జనం పెరట్లో కూరగాయలు వేశారు, తినగా మిగిలినవి సంతకి పంపారు. నువ్వు సభల్లో చెప్పే మాటల్లో అవన్నీ అక్షరాలా నిజం. అందుకే తర్వాతది చెప్పడం ఇంత కష్టంగా ఉంది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున వాగు దగ్గరి పంపు గురకపెట్టి ఆగింది. మళ్ళీ లేవలేదు. పంపుగదికి తాళం, తాళం మీద మీ ఆఫీసు లక్కముద్ర. సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు తలుపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "ఏమైందిరా?" అంటే, "తలుపు బాగానే ఉందమ్మమ్మా. లోపలి సంగతి లోపలికి పోతేగానీ చెప్పలేను" అన్నాడు.

మీ సూపర్వైజరుకి కబురు పెట్టాం. వచ్చాడు, నెత్తి పట్టుకున్నాడు. "అమ్మమ్మగారూ, రిపేరని పైకి రాస్తే ఊరు నిలబెట్టుకోలేకపోయిందని రాసుకుంటారు. మొదటి వరసలో ఉన్న ఊరు ఆఖరి వరసకి పోతుంది. మీరడిగిన వాగు వంతెన మంజూరు కావాలా, వద్దా? మీ మనవరాలికి కూడా మాట వస్తుంది. ఎల్లుండి సందర్శకులు వస్తున్నారు. ఆ ఒక్కపూట గడవనివ్వండి, తర్వాత నేనే వచ్చి తెరిపిస్తా."

సమావేశం పెట్టాం. లౌడ్‌స్పీకరు లేచింది. "ఒక్కపూటే కదా! వాగు నుంచి మోసి ట్యాంకు నింపేద్దాం. మన పిల్ల ఉద్యోగం కన్నా మన మెడలు ఎక్కువా?" అంది. చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది. అంత సంపూర్ణమైన ప్రజా భాగస్వామ్యం నేను మరెప్పుడూ చూడలేదు. ఫొటో తియ్యాల్సింది అప్పుడు.

ఆ ఒక్కపూట ఇంకా గడవలేదు తల్లీ. కుళాయి అంత బాగా వచ్చిన ఊరిని చూడాలని ఇంకొకరు వచ్చారు. వాళ్ళు పోయి చెప్పాక ఇంకొకరు. ఎంత బాగా మోస్తే అంతమంది వస్తున్నారు. ఇంటి వాడకానికైతే వాగు నుంచి ఇంటిదాకా మోస్తే చాలు. సందర్శకుల రోజున కొండెక్కి ట్యాంకుదాకా మొయ్యాలి. నెత్తిన నీళ్ళు మొయ్యక్కర్లేదని చూపించడానికి నెత్తిన నీళ్ళు మోస్తున్నాం.

నువ్వు వచ్చేది కారులో, దిగేది కుళాయి దగ్గర, వెళ్ళేది టీ తాగాక. నీకెలా తెలుస్తుంది? కిందటిసారి అందరి ముందూ కుళాయి తిప్పి, దోసిలిపట్టి మొహం కడుక్కుని, "ఎంత చల్లగా ఉన్నాయో అమ్మమ్మా!" అన్నావు. అవి దర్జీ కోడలు మోసిన నీళ్ళు. ఆ పొద్దునే ఆ పిల్ల పడింది. నువ్వు ఆ పిల్ల కనబడలేదేమని అడిగితే, కుట్టుపని ఎక్కువగా ఉందని చెప్పాను. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఎన్నాళ్ళయిందో వాళ్ళ అత్తనడుగు. అదే రోజు సందర్శకురాలొకావిడ, "నీళ్ళ మోత తప్పాక ఎలా ఉంది?" అని లౌడ్‌స్పీకరుని అడిగింది. ఆవిడ నిటారుగా నిలబడి, ఎటూ చూడకుండా, "తలెత్తుకు తిరుగుతున్నాం" అంది. ఎంత ఆత్మగౌరవమో అని రాసుకున్నారు. మెడ పట్టేసింది, అంతే.

ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. మీ ఆఫీసు పెద్దాయన స్వయంగా వస్తున్నాడనీ, ఆయనకి నచ్చితే ఈ కొండవాలు ఊళ్ళన్నింటికీ ఇదే పద్ధతి, ఇదే పంపు, ఇదే ఏర్పాటు అనీ, నీ ఉద్యోగం కూడా ఖాయమవుతుందనీ రాశావు. చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఊరూరా ట్యాంకులు కనబడ్డాయి, ఊరూరా నిచ్చెనలు.

ట్యాంకు నింపమని సూపర్వైజరు కబురు అంతకుముందే వచ్చింది. నేను వీధిలోకి వచ్చేసరికి గుమ్మాల ముందు బిందెలు బయటికొచ్చి ఉన్నాయి. దర్జీ గుమ్మం ముందు కూడా.

"ఆ బిందె లోపల పెట్టు" అన్నాను.

"ఇంటికొక మనిషి కదమ్మమ్మా. మా అత్తకి చూపానదు. మామా, మా ఆయనా సంతకి పోతారు" అంది దర్జీ కోడలు, గోడ పట్టుకుని నిలబడి.

"నీకు మినహాయింపు."

"ఎవరిచ్చారు? మీరా, కమిటీయా?"

"నేను."

"మీరొక్కరే ఇస్తే చెల్లదని మీరేగా చెప్పింది." నవ్వింది కూడా. నా పాఠం నాకే అప్పజెప్పింది. "నేను మానేస్తే పక్కావిడ మానేస్తుంది. ట్యాంకు సగమే నిండితే కుళాయి మధ్యలో ఆగుతుంది. అప్పుడు వంతెన పోయింది ఎవరి వల్ల అంటారు? నా వల్ల. అందరం కలిసి ఎత్తిన చెయ్యి అమ్మమ్మా, నేనొక్కదాన్ని ఎలా దించను?"

"నేను దించుతానే" అన్నాను.

"మీరు దించితే మీ మనవరాలి మాటేమిటి?"

ఇన్నేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగి బతికాను. ఒక పిల్ల అడిగిన ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చి, ఈ కాగితం తీశాను.

అదీ సంగతి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్తే నీ జీతం మీద నడిచే ఇల్లు, మునిమనవడి పాలు. చెప్పకపోతే దర్జీ కోడలి కడుపు. ఊరు నీకోసం మోస్తోంది, నువ్వు ఊరికోసం చప్పట్లు కొట్టిస్తున్నావు, మధ్యలో పంపు హాయిగా నిద్రపోతోంది. నీకు కోపం వస్తుంది. రానీ. నాకూ వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక పిల్లి మీద చూపించాను.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు లౌడ్‌స్పీకరుకి చెప్పాను. అంటే ఊరందరికీ చెప్పినట్టే, దొంగచాటు పని కాదు. "రాసేస్తున్నారా?" అని గుసగుసగా అడిగింది. ఆవిడ గుసగుస నేను వినడం ఇదే మొదలు. రేపు సమావేశం పెట్టి, ట్యాంకు నింపుదామా వద్దా అని మళ్ళీ అడుగుతాను. నా చెయ్యి కిందే ఉంటుంది. మిగతావి ఎన్ని లేస్తాయో చెప్పలేను. నామీద ప్రేమకన్నా నీమీద ప్రేమ ఎక్కువ వీళ్ళకి, అదే మా ఖర్మ.

ప్రారంభోత్సవం రోజు గుర్తుందా? మీ పెద్దాయన నా చేతిలో తాళంచెవి పెట్టి, "ఇక ఇది మీ ఆస్తి" అన్నాడు. నా చెయ్యంత పొడుగు, అట్ట కత్తిరించి బంగారు కాగితం అంటించింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. అసలుది సూపర్వైజరు చొక్కా జేబులోకి జారడం నేను చూశాను. చూసి కూడా, ఆ చప్పట్లలో, "అయ్యా, మరి అదెవరిది?" అనాలని ఊళ్ళో ఒక్కరికీ తోచలేదు. అందరికీ నోరున్న ఊరు ఇది. అట్టది కమిటీ గదిలో మేకుకి వేలాడుతోంది. ఒక మూల ఎలకలు కొరికాయి, వాటికైనా పనికొచ్చింది.

కనుక నువ్వు చెయ్యవలసిన పని చిన్నది. పెద్దాయన వచ్చే ముందు రోజు ఒక్కదానివే రా. కారులో కాదు, బస్సు దిగి వాగు దారిన నడిచి రా, పంపుగది దారిలోనే తగులుతుంది. మీ ఆఫీసులో సూపర్వైజరు కుర్చీ వెనక తాళంచెవులు వేలాడుతుంటాయని నువ్వే ఒకసారి చెప్పావు. మన ఊరిది తీసుకురా. అడక్కుండా తేవద్దు. "పంపు ఆగింది, తెరవడానికి" అని రాసి, కింద నీ సంతకం పెట్టి తీసుకో. మెకానిక్కుని తలుపు దగ్గరే కూర్చోబెడతాను. ఇంకొకటి, ఇప్పుడే లౌడ్‌స్పీకరు గోడ మీదుగా అరిచి చెప్పింది, మెడకి రాసుకునే మందు తెమ్మని. పెద్ద సీసా తే. ఊరందరికీ కావాలి.

ఇట్లు,
ఎత్తిన చెయ్యి దించుకున్న
నీ అమ్మమ్మ