మేత బీడుకు కంచె

నాయనా,

నీ సంవత్సరీకం నాడు పిండం పెట్టకుండా మీటింగుకు పోయిన ఈ మహాపాపిని పెద్దమనసుతో మన్నించు.

మన రాచర్లకు అటవీశాఖ ఆఫీసరు వచ్చినాడు. "ప్రపంచ సైంటిస్టుల రిపోర్టు ప్రకారం గొర్రెల తేన్పులతో భూమి వేడెక్కుతోంది. మీ మేత బీడుకు కంచె వేసి చెట్లు నాటుతాం" అన్నాడు.

ఆ రిపోర్టు నేను కాలేజీలో చదివినా గదా, లేచి నిలబడినా. "సార్, అందులో ముందున్నది బొగ్గు, పెట్రోలు. మా గొర్రెలు నడిచే తిరుగుతాయి. పైగా దాని సారాంశంలో ప్రతి వాక్యానికీ అన్ని దేశాలూ ఒప్పుకోవాలంట. మరి మీ కంచెకు ఎవరు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకోనోళ్ళు చేతులెత్తండి" అన్నాడు ఆయన.

నీ జతగాళ్ళంతా తలలు దించుకున్నారు. నేను పెద్దగా చేసిందేం లేదు నాయనా. నీ కర్ర పట్టుకుని, బయట మేస్తున్న మన మందనంతా మీటింగు షామియానా కిందికి తోలినా, అంతే.