గద్ద ఫోటో పంపకు

దుర్గా,

లేవగానే ఇది చదువు. పోటీకి గద్ద ఫోటో పంపకు. ఫారం టీవీ పక్కన పెట్టాను, సంతకం చెయ్యలేదు.

చదవకుండా సంతకం పెట్టేవాణ్ణయితే హార్బర్ దగ్గర ఇరవై ఏళ్లు వలలూ తాళ్లూ అమ్మగలిగేవాణ్ణి కాదు. పక్షికి మేత వేసి రప్పించి తీసిన ఫోటో చెల్లదని నాలుగో షరతులో ఉంది. ఆ మేత వేసింది నేనే. నువ్వు రెండు వారాలు మేడ మీద కెమెరా పట్టుకుని ఊరికే కూర్చోవడం చూశాను. ఏమీ చూపించకపోతే కొనేవాడైనా కొట్టెక్కడు కదా అనుకున్నాను. పదకొండు రోజులు నువ్వు లేవకముందే నీళ్ల ట్యాంకు మీద చేపముక్క పెట్టాను. నీ ఓపిక చూసే గద్ద వచ్చిందని నువ్వు అందరికీ చెబుతుంటే విని ఊరుకున్నాను. తప్పు నాదే.

మీ అమ్మకు ముందునుంచీ తెలుసు. "ఇదేటి పనయ్యా? పిల్లకి తెలిస్తే నీతో మాటాడదు, సూడు" అంటూనే ఉంది.

గడువు సాయంత్రం ఐదింటిదాకా ఉంది. నేను అచ్యుతాపురం వెళ్తున్నాను, మూడింటికల్లా వస్తాను. మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్యి. తిట్టాలనిపించినా అదే నంబరు.

నాన్న

ఇంకో మాట. ఆరేసిన చీర మీద వాలిన గోరింకను మీ అమ్మ తిడుతున్న ఫోటో ఉంది కదా, అది పంపు. వచ్చి దానికి సంతకం పెడతాను. అందులో ఇద్దరూ తమంతట తామే వచ్చారు.