గుండం కింద గ్యాసు

తంగెడుపల్లె, ఆళ్లగడ్డ మండలం
ఫిబ్రవరి 9

నంద్యాల సుదీప గ్యాస్ లైన్స్ ఆఫీసులో పైపు దారులు చూసే అధికారి ఇంద్రజ మేడం గారికి, తంగెడుపల్లె సర్పంచి కమలాక్షమ్మ రాసేది. ఈడ మేమంతా బాగుండాం. మీరు పాతిపోయిన జెండాలే బాగలేవు.

నిన్న మీ మనుషులు వచ్చి మా పీర్ల చావిడి ముందర పసుపు రంగు జెండాలు గుచ్చి, సున్నంతో గీత గీసి పోయినారు. ఎవుర్ని అడిగి గీసినారంటే, జిల్లా నుంచి పర్మిషన్ ఉందన్నారంట. జిల్లా యాడుంది, మా చావిడి యాడుంది? ఊరి రోడ్డు తవ్వాలంటే పంచాయితీ తీర్మానం కావాల. మమ్మల్ని అడిగినోళ్లు లేరు, మేం ఇచ్చిందీ లేదు. ఈ మాట ఫోన్లో చెప్తే రాసియ్యమన్నారు. రాసిస్తాండా.

ఇంకో సంగతి. మీరు గీత గీసిన తావులోనే మేం ఏటేటా గుండం తవ్వి, బండెడు కట్టెలు పోసి మంట పెట్టేది. తాతల కాలం నుంచి పెడతాండాం. మంట కింద గ్యాసు పైపు ఏస్తారా? సదువుకున్నోళ్లే కదా మీరంతా? బేగా వచ్చి జెండాలు పీక్కొని పోండి.

ఇట్లు,
కమలాక్షమ్మ, సర్పంచి

తా.క.: మీరు పాతింది పదకొండు జెండాలు. పదే ఉండాయి. ఒకటి మేక తినింది. మేక బాగానే ఉంది.


నంద్యాల
ఫిబ్రవరి 17

గౌరవనీయులైన సర్పంచి గారికి నమస్కారములు.

మీ లేఖ అందినది. డిసెంబరులో మా సర్వే బృందం పరిశీలించినప్పుడు సదరు స్థలము ఖాళీ స్థలముగా నమోదైనది. అక్కడ గుంత గానీ, మంట గానీ కనిపించలేదు. అయితే మీ లేఖ ప్రకారం అక్కడ పెద్ద ఎత్తున కట్టెలు కాల్చే బట్టీ నడుస్తున్నట్లు తెలియుచున్నది. పైపులైను సమీపంలో మంటతో కూడిన వ్యాపారం చేయరాదు.

కావున బట్టీ యజమాని పేరు, స్థానిక సంస్థ జారీ చేసిన లైసెన్సు పదిహేను రోజుల్లో పంపగలరు. లేనిచో అనధికారిక బట్టీగా భావించి పనులు ప్రారంభించగలము.

భవదీయురాలు,
ఇంద్రజ

తా.క.: జెండా సంస్థ ఆస్తి. మేక వివరములు కూడా జతచేయగలరు.


తంగెడుపల్లె
ఫిబ్రవరి 21

మేడం గారికి కమలాక్షమ్మ మళ్లా రాసేది.

మీ కాగితం చదివినప్పటి నుంచి మా పంచాయితీ సెక్రటరీ మద్దిలేటి నవ్వుతానే ఉండాడు. స్థానిక సంస్థ లైసెన్సు తెమ్మన్నారు. స్థానిక సంస్థ అంటే ఎవరమ్మా? పంచాయితీ. పంచాయితీకి సంతకం పెట్టేది ఎవరు? నేను. అడిగిన గంటకే రాసి, ముద్రేసి, దీనికి జత చేసినా. గడువు అన్న కాడ 'ఊరున్నన్నాళ్లు' అని రాయించినా.

యజమాని పేరు అడిగినారు. పీర్లసామి. మా ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తారు. సామి ఏడాదికి పది దినాలే బయటికి వచ్చేది. గుండం తవ్వేది కూడా అప్పుడే. అయినంక పూడ్చేస్తాం, అందుకే మీ సర్వేవాళ్లకు కనపడలే. మిగతా దినాలు అన్నీ హుస్సేన్ పీరా చూసుకుంటాడు. సామిని పట్టుకొని కాగితాలు చూపించమనే ధైర్యం ఈడ ఎవురికీ లేదు. మీకుంటే మీరే అడుక్కోండి.

ఇట్లు,
కమలాక్షమ్మ

తా.క.: మేక షంషాద్ వాళ్లది. నల్లది, ఒక చెవి తెలుపు. ఇంకా ఏమన్నా వివరాలు కావాలంటే మేకనే నంద్యాలకు పంపిస్తాం.


నంద్యాల
మార్చి 2

గౌరవనీయులైన సర్పంచి గారికి నమస్కారములు.

మీరు సూచించినట్లే యజమానికి నేరుగా నోటీసు పంపుతున్నాము. దయచేసి వారికి అందజేయగలరు.

నోటీసు. శ్రీ పీర్ల స్వామి (తండ్రి పేరు తెలియదు), తంగెడుపల్లె. మీరు సంవత్సరంలో పది రోజులు మాత్రమే గ్రామంలో ఉంటూ, మంట పెట్టి, తిరిగి వెళ్లిపోతున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఈ నెల 16వ తేదీ ఉదయం పది గంటలకు ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకముతో నంద్యాల కార్యాలయంలో స్వయంగా హాజరు కాగలరు. రాలేని పక్షంలో శ్రీ హుస్సేన్ పీరాకు అధికారమిస్తూ సంతకం చేసిన పత్రం పంపగలరు.

భవదీయురాలు,
ఇంద్రజ

తా.క.: ఆయనంటే ఊరంతా భయపడుతున్నట్లుంది. మీకు పరిచయముంటే కాస్త మెల్లగా నచ్చజెప్పగలరు.


తంగెడుపల్లె
మార్చి 7

ఇంద్రజమ్మా,

ఇంక మేడం అనబుద్ధి కాలే. ఏ ఊరు తల్లీ నీది?

నీ నోటీసును చావిడి చూసుకునే హుస్సేన్ పీరా అందరి ముందరా చదివినాడు. తండ్రి పేరు తెలియదు అన్న కాడికి వచ్చేసరికి ఆయన కండ్లు తుడుచుకున్యాడు. అది నవ్వో ఏడుపో ఆయనకే తెలీదు. పీర్లంటే మనిషి కాదమ్మా. మొహరానికి చావిడిలో పెట్టె తెరిచి తీసి, పట్టుగుడ్డలు చుట్టి, పూలు కట్టి ఎత్తుకుంటాం. వెండి చెయ్యి. పది దినాలు ఊరేగి మళ్లా పెట్టెలోకి పోతాది. సాయిబులూ ఎత్తుకుంటారు, మేమూ ఎత్తుకుంటాం. ఆ గుండం మా అందరిదీ.

నా కొడుకు మహేష్ మూడేండ్లప్పుడు జొరంతో కండ్లు తేలేసినాడు. ఆళ్లగడ్డకు పోను బస్సు లేదు. ఆ గుండం బూడిదే నుదుట పెట్టి, వాణ్ని ఒళ్లో ఏసుకొని చావిడి ముందర కూసున్యా. తెల్లారి లేచి అన్నం అడిగినాడు. దానంతట తగ్గిందో, బూడిదకు తగ్గిందో నువ్వు సదువుకున్నదానివి, నీ ఇష్టం. నేను మాత్రం ఆ తావు మీద పార పడనీను. నా పదవి పోయినా పడనీను.

నిన్న గ్రామసభ పెట్టినాం. ఒక్క చెయ్యి తగ్గకుండా తీర్మానం అయ్యింది. గుండం జరగదు, మీ పైపే జరగాల. తీర్మానం జత చేసినా.

ఇట్లు,
కమలాక్షమ్మ

తా.క.: ఆధార్ తెమ్మన్నావు. చెయ్యైతే ఉంది గానీ వేళ్లు వెండివి. ముద్ర పడుతుందేమో మీ మిషన్ను ఒకసారి అడుగు.


నంద్యాల
మార్చి 20

కమలాక్షమ్మ గారికి నమస్కారాలు.

సిగ్గుపడుతూ రాస్తున్నాను. మాది కాకినాడ పక్క, చదువంతా హాస్టళ్లలోనే అయింది. పీర్ల స్వామి అంటే ఎవరో పొగరుబోతు ఊరి పెద్ద అనుకున్నాను. నోటీసు వెనక్కి తీసుకుంటున్నాం. హుస్సేన్ పీరా గారిని క్షమించమన్నానని చెప్పండి.

కానీ ఇక్కడితో అయిపోలేదు. మీ తీర్మానం పై ఆఫీసుకు పంపితే వాళ్లు వేరే దారి గీసి పంపారు. అది సర్వే నంబరు 118/2 మధ్యలోంచి పోతుంది. పట్టాదారు కమలాక్షమ్మ, భర్త ఆదినారాయణ. మీ చేనే. పైపు పడ్డాక పైన పంట వేసుకోవచ్చు గానీ, ఇల్లు కట్టకూడదు, చెట్టు పెట్టకూడదు. చావిడి మీద మీ అభ్యంతరం ఏడు రోజుల్లో వెనక్కి తీసుకుంటే పాత దారే ఉంటుంది. లేదంటే ఇదే ఖాయం.

మీ
ఇంద్రజ

తా.క.: ఇది నేను చెప్పానని అనకండి. ఆ గీత గీస్తూ మా పై అధికారి, సొంత చేను అనేసరికి సర్పంచమ్మ దానంతటదే దారికొస్తుందని నవ్వారు.


తంగెడుపల్లె
మార్చి 24

ఇంద్రజమ్మకు కమలాక్షమ్మ దీవించి రాసేది.

నువ్వు తప్పు ఒప్పుకున్యావు, బాగుంది. హుస్సేన్ పీరా ఈసారి మొహరానికి నిన్ను రమ్మన్నాడు.

ఇంక చేను సంగతి. అబద్ధం ఎందుకు, చదవంగానే కడుపు కాలింది. పెండ్లయినప్పటి నుంచీ రెండు గదుల ఇంట్లోనే ఉండాం. ఆ చేన్లో ఇల్లు కట్టుకోవాలని మా ఆయన బేతంచెర్ల నుంచి బండలు తెప్పించి ఆన్నే దింపించినాడు. నీ ఉత్తరం చూసి రెండు దినాలు ఆ బండల మీదనే పోయి కూసున్యాడు. మూడో దినం పొద్దున ఆయనే మహేష్‌తో బండలన్నీ ట్రాక్టర్‌కు ఎత్తించి, చావిడి కాడ దింపించి వచ్చినాడు. 'అరుగుకు పరుచుకోమను' అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

చేను ఇస్తాండా. పట్టాదారు సంతకం పెట్టిన కాగితం దీంట్లోనే ఉంది. చావిడి మీద మా అభ్యంతరం అట్లే ఉంది, వెనక్కి తీసుకోను.

ఇప్పుడు మీ పై అధికారికి ఇది చదివి వినిపించు. ఒప్పుకునింది పట్టాదారు కమలాక్షమ్మ. సర్పంచి కమలాక్షమ్మ ఇంకా ఒప్పుకోలే. నా చేన్లోకి పైపు రావాలంటే పంచాయితీ రోడ్డు అడ్డంగా కోయాల్సిందే, ఇంకో దావ లేదు. మద్దిలేటి పటం నాలుగు తూర్లు చూసినాడు. కోయాలంటే అర్జీ నా టేబుల్ మీదికే రావాల. ఆయన స్వయంగా గ్రామసభకు వచ్చి, గ్యాసు లీకయితే ఎవురికి చెప్పాల, ఎంతసేపట్లో వస్తారు అని మా ఆడోళ్ల ముందర నిలబడి చెప్పాల. మేం అడిగినన్నీ అడుగుతాం. ఆయన కూసోను కుర్చీ ఏయిస్తాం, నవ్వొస్తే నవ్వుకోమను.

ఇట్లు,
కమలాక్షమ్మ, సర్పంచి, తంగెడుపల్లె గ్రామ పంచాయితీ

తా.క.: ఇంతకు ముందే పైపు ఏసిన గోస్పాడు దావలో మీరు నాటిన బోర్డు మీద ప్రమాదమైతే చెయ్యాల్సిన నెంబరు రాసుంది. నిన్న మూడు తూర్లు చేసినా, ఎవరూ ఎత్తలే. ఈ పొద్దు నుంచి మా సెక్రటరీ దినానికి ఒక తూరి చేస్తాడు. ఎవరన్నా ఎత్తిన దినం రోడ్డు సంగతి మాట్లాడదాం.