పీనుగ వేషం

కోరమండల్,
శ్రావణ శనివారం.

చిరంజీవి అంబరీషుకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. బంగారు తిరుపతి స్వామి చల్లగా చూస్తున్నాడు, ఇక్కడ పొయ్యి వెలుగుతోంది, దీపం వెలుగుతోంది. హట్టి గనుల దగ్గర నువ్వూ, కోడలు ప్రేమా, పాపా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకోవద్దు. సినిమావాళ్ళు ఎప్పుడు పిలుస్తారో అని ఫోను మీ నాన్న జేబు వదలదు. తీసుకుని మాట్లాడదామన్నా గనివాళ్ళకు వరసగా కట్టిన మన లైను ఇల్లు నీకు తెలుసు, వంటింట్లో గుసగుసలాడితే వాకిట్లో వినబడుతుంది. నువ్వూ అందుకే పోయినసారి పక్కింటి చిక్కమ్మ పేరుమీద రాశావు కదా.

వాన పడిందా అని అడిగావు. పడింది. వంటింటి మూల తప్ప రేకులు కారడం లేదు. వెంకటరామప్ప మామ రాగి చల్లాడు. ఆవు చూలుతో ఉందని చెప్పమన్నాడు.

మా తాత సినిమా యాక్టరు అని పాప చెబితే బడిలో పిల్లలు నమ్మలేదనీ, ఏ సినిమాలో ఉన్నాడో చెప్పమంటున్నారనీ రాశావు. నువ్వు అప్పుడు చిన్నవాడివి, మొదలు నీకు తెలియదు. మన బంగారు గని మూసేసిన కొన్నేళ్ళకు, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద ఒక కన్నడ సినిమా తీయడానికి వచ్చారు. మీ నాన్న నీళ్ళ డ్రమ్ములు మోసే పనికి వెళ్ళాడు. పీనుగుగా పడుకున్న మనిషి ఎండకు ఓర్చలేక మాటిమాటికీ ముఖం తుడుచుకుంటున్నాడట. డైరెక్టరు తిట్టి లేపాడు. "నేను పండుకుంటాను సార్" అని మీ నాన్న ముందుకు వచ్చాడు. గనిలో మందు పేల్చిన తరువాత పొగ మీదికి వస్తే ఊపిరి బిగపట్టడం ఆయనకు అలవాటే. పెదవి మీద ఈగ వాలినా కదలలేదట. అప్పటినుంచి తక్కువ ఖర్చుతో సినిమా తీసేవాళ్ళకు పీనుగు కావాలంటే మీ నాన్నే. హీరో తండ్రిగా పోయాడు, కూలీగా పోయాడు, పాము కరిచి పోయాడు. ఒక సినిమాలో మనిషే లేడు, గోడమీద దండ వేసిన పటం మాత్రం ఉంది. సగం సినిమాలు విడుదలే కాలేదు. బజారులో అందరూ పీనుగ జయరాం అంటారు. ఆయన పలుకుతాడు.

మధ్యలో వాచ్‌మన్, పూజారి, బిచ్చగాడు కూడా వేశాడు. పాపకు మాత్రం పోలీసు వేషం చూపించు. కళ్ళు ఆర్పకుండా చూడమను, జీపు దిగి సెల్యూట్ కొట్టి మళ్ళీ ఎక్కేస్తాడు.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. నాన్నను సినిమాలకు పంపొద్దు, హట్టికి తీసుకురా, ఇక్కడి ఆసుపత్రిలో చూపిస్తాను అన్నావు. గని దుమ్ము మనిషిని ఏం చేస్తుందో అక్కడి గనిలో రోజూ చూసేవాడివి, నీ మాటలో తప్పు లేదు. ఫోనులో నేను సరేనని ఒక్క మాట అన్నాను కూడా. అన్న తరువాత ఒకటి జరిగింది.

ఆషాఢంలో మన లైన్లలోనే షూటింగు పెట్టారు. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఆ పక్కకు పోలేదు. ఆయన అట్లా పడుకుని ఉండటం నేను చూడకూడదని నా నియమం. ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లోనే స్నానం చేయించి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, తులసి నీళ్ళు ఇచ్చి లోపలికి రానిచ్చేదాన్ని. కాని ఆరోజు దగ్గు ఎక్కువగా ఉండింది. మిరియాల కషాయం ఇచ్చి వద్దామని చిక్కమ్మను తోడు తీసుకుని వెళ్ళాను.

అప్పటికే ఆయనను పాడె మీద పడుకోబెట్టారు. ముక్కులో దూది పెట్టారు. కెమెరా తిరిగింది, ఎద లేచింది. డైరెక్టరు కట్ అన్నాడు. మళ్ళీ తీశారు. ఈసారి దగ్గు వచ్చి పాడె అంతా ఊగింది.

"ఏమప్పా జయరామా, చచ్చినోనికి జలుబు చేసిందా?" అన్నాడు పాడె మోయడానికి వచ్చిన చెన్నప్ప. అందరూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు.

డైరెక్టరు పురుషోత్తమ్ అని కోలారు అబ్బాయే, మర్యాద తెలిసినవాడు. భార్య వేషం వేసిన బెంగళూరు ఆమెను పిలిచి, ఎద మీద వాలి ఏడిస్తే ఊపిరి కనబడదని చెప్పాడు.

"అదేం దగ్గో ఏమో సార్. దూరంగా కూచొని ఎంతసేపైనా ఏడుస్తాను. మీద మాత్రం పడను" అంది. ఆమెనూ తప్పు పట్టను, ఇంట్లో పసిపిల్లలున్నారట.

"అప్పా, నువ్వు లేయప్పా. ఏమీ అనుకోవద్దు. చెన్నప్పను పండబెడతాము" అన్నాడు డైరెక్టరు.

మీ నాన్న లేవలేదు. ఊడిన దూదిని వెతికి తానే మళ్ళీ ముక్కులో పెట్టుకున్నాడు. "ఇంగొక్కసారి సార్. ఈసారి బిగపడతాను సార్" అన్నాడు. గని మూసిననాడు కూడా ఆయన ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు.

"ఆయమ్మ బదులు నేను కూచుంటాను సార్" అన్నాను.

"నువ్వు ఎవురమ్మా?"

"ఇంగెవురు, ఆయప్ప పెండ్లామే!" అంది చిక్కమ్మ. నా రెక్క పట్టి లాగింది. "ఏమే, నీకు మతి ఉండాదా? మొగుడు బతికుండంగానే బొట్టు తుడుచుకుంటావా? శుక్రవారం శుక్రవారం లక్ష్మీపూజ చేసే చేతులేనా ఇవి?"

డైరెక్టరుకు కూడా మనసు ఒప్పలేదు. "అవునమ్మా, బొట్టు తుడవాల, గాజులు పగలగొట్టాల. ఆలోచించుకో" అన్నాడు.

మీ నాన్న పాడె మీద లేచి కూర్చున్నాడు. "వద్దు సార్, ఆమె పూజలు చేసుకొనే మనిషి. పోవే, ఇంటికి పోవే నువ్వు!"

"మీరు పండుకోండి" అన్నాను.

తాళి తీయలేదు, రవిక లోపల దాచుకున్నాను. స్వామిని తలచుకుని కొంగుతో బొట్టు తుడుచుకున్నాను. గాజులు పాడె వెదురుకేసి కొట్టాను. కెమెరా తిరగగానే ఆయన ఎద మీద వాలాను.

నా చెవి ఆయన ఎదకు ఆనింది. లోపల జల్లెడలో గులకరాళ్ళు కదిలిస్తున్నట్టు ఉంది. ఇన్నేళ్ళు పక్కన ఉండి నేను ఆ చప్పుడు వినలేదు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. నేను తల ఊపుతూ పెదవులు కదుపుతుంటే నేనూ ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. ఆయన చెవిలో "ఇప్పుడు వదలండి, మెల్లగా... ఇప్పుడు పీల్చండి, నేను కప్పినాను" అని చెబుతున్నాను. ఆయన నేను చెప్పినట్టే చేశాడు.

కట్ అన్నారు. బాగా వచ్చిందన్నారు. కెమెరా అతను మాత్రం ఆయనను పోనివ్వలేదు. "ఇట్లా చూడప్పా, నవ్వు" అన్నాడు. పీనుగ వేషం వేసిన మనిషిని లేపి కూర్చోబెట్టి, నవ్వుతుండగా కొంచెం తీసిన తరువాతే పంపుతారట. అది సినిమాలో పెట్టరు, దోషం పోవడానికి. నన్నూ పక్కన కూర్చోబెట్టి నవ్వమన్నారు. నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు మీద పడనన్న ఆ బెంగళూరు ఆమే సంచిలోంచి కుంకుమ తీసి నా నుదుట పెట్టింది. "నవ్వక్కా, మీ ఆయన చూస్తా ఉండాడు" అంది. నవ్వాను.

మరునాడు బంగారు తిరుపతికి వెళ్ళి కొత్త గాజులు వేసుకుని దణ్ణం పెట్టుకున్నాను. స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు. మనుషులు ఎప్పటిలాగా లేరు. వరలక్ష్మి వ్రతానికి చిక్కమ్మ లైనంతా తిరిగి పిలిచింది, మన గడప మాత్రం తొక్కకుండా వెళ్ళిపోయింది. బాధ కలగలేదంటే అబద్ధం అవుతుంది. ఇంట్లోనే కలశం పెట్టుకుని పూజ ముగించాను.

డాక్టరు దగ్గరికి వెళుతూనే ఉన్నాము, మందులు మానలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్మును తీసే మందు లేదని డాక్టరు మీ నాన్న ఎదుటే చెప్పాడు. బస్సులో వస్తూ నీ మాట ఎత్తాను. అంబరీషు రమ్మంటున్నాడు, హట్టికి పోయి విశ్రాంతిగా ఉందాం అన్నాను.

ఆయన కిటికీ అద్దం మూశాడు. తరువాత అన్నాడు: "ఇంట్లో పండుకుంటే పండుకున్నట్లే మే. ఆడ పండుకుంటే కట్ అంటారు. లేస్తాను."

దీనికి జవాబు నీకు దొరికితే రాయి.

ఇంతసేపూ రాయలేక దాటవేస్తున్న మాట ఇది. నీకు ఇచ్చిన మాట నేను నిలుపుకోవడం లేదు. పురుషోత్తమ్ మళ్ళీ పిలిచాడు. వచ్చే గురువారం కోలారు పక్కన తమకలో ఒక ఇంట్లో షూటింగు. ఆయన పీనుగు, నేను భార్య. వస్తామని నేనే ఫోను తీసుకుని చెప్పాను. చిక్కమ్మ ఇక ఎప్పటికీ మన గడప తొక్కదేమో. నీకూ కోపం వస్తుందని తెలుసు. తల్లి బొట్టు తుడుచుకోవడం ఏ కొడుకూ చూడలేడు. కాని ఆయన ఎద ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దిగుతుందో ఇప్పుడు నాకు తెలుసు. ఇంకొకరు కప్పలేరు.

మీ నాన్నను తీసుకుపోవడానికైతే రావద్దు, నాయనా. చూడటానికైతే పాపను కూడా తీసుకుని త్వరగా రా.

ఇట్లు,
నిన్నూ నీ వాళ్ళనూ రోజూ దీపం ముందు తలచుకునే
మీ అమ్మ,
చిన్నవెంకటమ్మ.