బూడిద కుండలోంచి ముందే తీసిన పూసలు

దేవరకొండ,
14-11-1964.

నా ప్రాణ స్నేహితురాలు రాజమణికి,

శ్యామల నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. ఆలేరులో నువ్వు, మీ అన్నావదినలు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పెళ్లయిన ఆడదానికి ఉత్తరం రాస్తే పేరు ముందు సౌభాగ్యవతి అని పెట్టాలంటారు. నీకు ఆ మాట రాయాలా వద్దా అని మూడు కార్డులు ఖరాబు చేసి, చివరికి ఈ కవరు కొన్నాను. ఎనిమిదేళ్ల తర్వాత రాస్తూ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను చూడు.

బాపు పోయి నెల కావస్తోంది. దసరా వెళ్లిన నాలుగో రోజు. దవాఖానకు పోదామంటే గాజుపూసలు చేసే దీపం ఎవరు చూస్తారని మొండికేశాడు. తిత్తి తొక్కి తొక్కి మోకాళ్లు పోయినా ఆ గాసునూనె దీపం ముందునుంచి లేచిన మనిషి కాదు. ఇప్పుడు అక్కడ నేను కూర్చుంటున్నాను. మా ఆయన ఐలేశం సాగర్ డ్యాం పనిలో ఉన్నాడు. బజారు నిండా బయటి పూసలు చవకగా వచ్చిపడుతున్నాయి, అయినా తండాల ఆడవాళ్లు మా రంగు పూసల కోసం ఇంకా వస్తున్నారు. బతుకుతున్నాం.

మీ ఇంట్లో కండెలు చుట్టడం కాగానే నువ్వు మా అరుగు మీద వాలేదానివి. మంటలో గాజుకడ్డీ మెత్తబడి జారుతుంటే, మట్టి పూసిన తీగకు దాన్ని చుట్టి బాపు పూస తిప్పేవాడు. వేడివేడిగానే బూడిద కుండలో పూడ్చి, మర్నాటిదాకా మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. తొందరపడి తీస్తే గాజు అప్పుడు ఊరుకుంటుంది, పది రోజులకు పగ తీర్చుకుంటుంది అనేవాడు. బాలింతను కూడా ఇంత పదిలంగా చూడరు కాకా అని నువ్వు ఆటపట్టిస్తే పడీపడీ నవ్వేవాడు.

నీ పెళ్లికి నల్లపూసలు నేనే చేస్తానని పంతం పట్టాను. బాపు మొదటిసారి నన్నొక్కదాన్నే దీపం ముందు కూర్చోబెట్టాడు. అవి ముందు రోజే చేయాల్సింది. నీతో గోరింటాకు పెట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఆ రోజు కాస్తా పోగొట్టాను. మర్నాడు పొద్దున చేశాను. సాయంత్రమే మీ ఇంట్లో పుస్తెలతాడుకు పూసలు గుచ్చే వేడుక. మధ్యాహ్నం బాపు బజారుకు పోగానే కుండలోంచి పూసలు తీశాను. ఇంకా చెయ్యి కాలుతోంది. బూడిద పోవాలని చల్లనీళ్లలో కడిగాను. పైకి నిగనిగలాడాయి. నా చేత్తో తెచ్చి నీ ఒళ్లో పోసినప్పుడు నాకంటే గొప్పది లేదనుకున్నాను.

నకిరేకల్‌లో పదహారు రోజుల పండుగనాడు నీ మెడలో రెండు పూసలు పగిలాయి. మర్నాడు ఇంకొకటి. ఆ వారమే మీ మామ జ్వరంతో పోయాడు. ఇంకేముంది, నీ అడుగు మంచిది కాదని మీ అత్త నర్సింగమ్మ మొదలుపెట్టింది. ఆమె నోట్లో పడితే ఊరి నోట్లో పడ్డట్టే కదా.

అయినా వాళ్లు ఊరికే నిన్ను పంపించలేదు, రాజమణీ. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ముందు మీ అత్త తమ్ముడు పోచయ్య ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని మా బాపు దగ్గరికి వచ్చాడు. "పూసలల్ల తప్పుంటే చెప్పు గాలయ్యా, పిల్లను కండ్లకద్దుకుని ఉంచుకుంటం. పూసలు మంచియే అయితే ఆ పిల్ల నసీబే మంచిది కాదు" అన్నాడు.

పూసలు మంచివేనని బాపు చెప్పాడు. ముప్పై ఏళ్లు నిలబెట్టుకున్న పేరు పోతుందని భయపడ్డాడు కాబోలు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను. నాలుగో రోజు నిన్ను మూటాముల్లెతో పుట్టింటికి తోలారు. ఊరి మాటలు పడలేక మీవాళ్లు నిన్ను తీసుకుని ఆలేరు వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండా మీ ఆయనకు మరో పెళ్లి చేశారు.

ఇప్పుడు చెప్పడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తెలుసు. అయినా వచ్చే ఆదివారం నకిరేకల్ పోయి, తప్పు పూసలదేనని పోచయ్యకు నలుగురిలో చెప్పి వస్తాను. నీ మీద పడ్డ మాటయినా పోవాలి. బాపును క్షమించు. పోయినవాడి మీద కోపం పెట్టుకోకు.

మీ అన్నావదినలకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరాల్సిన
శ్యామల

మళ్లీ రాస్తున్నది: కవరు అంటించి మళ్లీ చింపాను. పైన బాపు గురించి రాసింది అబద్ధం. పోచయ్య అడగ్గానే బాపు వాళ్లను కూర్చోమని లోపలికి వచ్చాడు. "ఎంతసేపు ఉంచినవు బిడ్డా, బూడిదల?" అన్నాడు. చెప్పాను. తలపాగా సర్దుకుని, పోయి ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాడు. పేరు పోతే పోనీ, ఒక ఆడపిల్ల కాపురం కంటే పెద్దదా అన్నాడు. నేనే ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆ వారమే ఐలేశం వాళ్లు నన్ను చూసుకోవడానికి రావాలి. పెళ్లికూతురి నల్లపూసలు పగలగొట్టినదాన్ని ఎవరు చేసుకుంటారని ఏడ్చాను. బాపు బయటికి పోయి పూసలు మంచివేనన్నాడు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా ఒక్క నల్లపూస చేయలేదు.

ఆయన్ని క్షమించమని రాసింది కొట్టెయ్యి. నీ కాపురం కూల్చి నా పెళ్లి చేసుకున్నాను, రాజమణీ.